మేజోళ్ల లెక్క

కించావో దీవిలో మూడోరోజూ వాన.
పొయ్యి మీద నల్కా వేరు ఉడుకుతోంది,
ఉన్ని మెల్లగా బూడిదరంగు తాగుతోంది.
ఎదూలియా అత్త నా లాప్‌టాప్ ముందు కూర్చుని
తడిచేతులు ఏప్రాన్‌కు తుడుచుకుని
"ఊఁ, చూపించు ఆ కొట్లు" అంది.

మూడు తెచ్చాను. మూడూ ఖాళీవే.
మొదటిదానికి అద్దె
నెలకు పంతొమ్మిది వేల పెసోలు.
అత్త పెసోల్లో వినదు.
జత తొమ్మిదిన్నర వేలు గనక
"రెండు జతలు" అంది.
"అమ్మినా అమ్మకపోయినా
నెల తిరిగేసరికి రెండు జతలు వాడికి.
ఎన్ని కాళ్లున్నాయి వాడికి?"

రెండోదానికి అద్దె లేదు,
అమ్మినదాంట్లో నూటికి పన్నెండు.
ఒక మేజోడు ఒళ్లో పరిచి
బొటనవేలితో కొలిచింది.
నూటికి పన్నెండంటే
వేళ్ల కొస నుంచి ఎనిమిది వరసలు.
"కార్డు గీకినందుకు ఇంకో మూడు" అన్నాను నసుగుతూ.
బొటనవేలు మరో రెండు వరసలు జరిగింది.
"చలి మొదట కరిచేది సరిగ్గా ఇక్కడే" అంది.

మూడోది పూర్తిగా ఉచితం.
నమూనాకి ఒక జత పెట్టి చూశాం.
దాని కిందే, ఎవరూ అడక్కుండా,
"మీకు ఇవి కూడా నచ్చవచ్చు" అంటూ
ఎక్కడో మిషన్ అల్లిన పన్నెండు జతలు
మా ఒక్క జత ధరకు.
కోపమొస్తుందనుకున్నాను.
అత్త కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి
"అల్లిక బాగానే ఉంది" అంది న్యాయంగా.
"కానీ నా గడపలో ఇంకొకడి గంపేమిటి?"

ఆ తర్వాత గడులు నింపడం.
సైజు: చిన్న, మధ్య, పెద్ద.
ఆమెకు తెలిసినవి పడవ నడిపే ఎవారిస్తో పాదం,
అతని పెళ్లాం పాదం, బడిపిల్లల పాదాలు.
రంగు: జాబితాలోంచి ఎంచుకోండి.
చెట్టుగడ్డం నాచు ఏ కొమ్మది,
వానకు ముందు కోసిందా, తర్వాతా,
దాన్నిబట్టి తుప్పు రంగో తేనె రంగో.
జాబితాలో ఉన్నది గోధుమరంగు.
నిల్వ ఎంత?
"ఇది ఒక్కటే. ఇంకోటి అల్లితే అది ఇంకోటి."
ఒకటి అని కొట్టాను.
తెర ఎర్రబడింది: నిల్వ తక్కువగా ఉంది.
"ఎప్పుడూ అంతే" అంది, "దానికెవరు చెప్పారు?"

రాత్రంతా కూర్చుని పట్టిక గీశాను.
కాస్త్రోలో ఇనపసామాన్ల కొట్లో పనిచేసేవాణ్ని,
నాకు తెలిసిన వ్యాపారం మేకుల తూకం.
అయినా మార్కులు వేశాను:
బొమ్మల అందం, వేగం,
ఫోన్లో ఎలా కనబడుతుంది.
మొదటిది గెలిచింది.

పొద్దున అంతా విని
అత్త ఒక్కటే అడిగింది.
"మూసేదెలా?"

తెరవడం గురించి మూడు కొట్లూ
నవ్వుమొహాల వీడియోలు పెట్టాయి.
మూయడం గురించి ఒక్క మాట లేదు.
"బంగాళాదుంపలు తవ్వే రెండు వారాలు,
గొర్రెల బొచ్చు కత్తిరించే వారం,
మా అక్క క్వెయోన్ నుంచి వచ్చిన రోజులు,
ఊరికే మనసు బాగోని ఒక మంగళవారం.
కొట్టన్నాక తలుపుండాలిరా,
తలుపు లేనిదాన్ని రోడ్డంటారు."

వెతికాను. వానకు సిగ్నల్ రెండుసార్లు తెగింది.
రెండోదానిలో, సెట్టింగుల అడుగున,
పన్నుల కింద, ఎవరూ తొక్కని మూల
ఒక చిన్న మీట: విరామం.
నొక్కితే మేజోళ్లు కనబడతాయి,
కొనే బటన్ మాయమవుతుంది,
మనం రాసిన ఒక్క వాక్యం మిగులుతుంది.

"పది వరసలు పోతే పోయాయి" అంది.
కొట్టు పేరుకన్నా ముందు
ఆ వాక్యం రాయించింది:
పొలంలో ఉన్నాను. వస్తాను.

పదకొండు రోజులు ఎవరూ రాలేదు.
పన్నెండో రోజు పుంతా అరేనాస్ నుంచి
ఎవరో ఓర్ఫెలినా, ఒక జతకు డబ్బు కట్టి
కింద ఒక ముక్క రాసింది:
ఎడమ పాదం కాస్త పెద్దది, కుదురుతుందా?

దానికి ఏ కొట్లోనూ గడి లేదు.
అత్త రెండుసార్లు చదివించుకుంది.
"కొట్టు మూయి" అంది సూదులు తీస్తూ,
"పనొచ్చింది."